ప్రాచీన గృహము - నూతన పనిశాల

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున, బీజాపూరు జిల్లాలో, తెలంగాణ సరిహద్దునకు దాపున నున్నది ఉసూరు. ఈ దక్షిణ బస్తరు సీమలో దోర్లలు మాటాడు గోండీయందు తెలుగు ఛాయలు విశేషముగ గానవచ్చును. పల్లెకుటుంబమునకు క్రొత్త అవసరము కలిగినప్పుడు పాతయింటి గోడలు పడగొట్టుటకంటె పెరటిలో వేరొక పాక వేసికొనుట సులభము. రక్షిత గృహముల విషయమునను ఈ న్యాయము మంచిదే. కాని అచ్చట పెరడు సైతము చట్టమునకు లోబడినది.

రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారి గృహము రాష్ట్ర పురావస్తుశాఖ రక్షణలో నున్నది. పంతులుగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించి, కొలదికాలమునకే పత్రికకు ముద్రణాలయమును సమకూర్చుకొనిరి. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహమును జరిపించిరి. వారికి రచనయు కార్యమును వేరు కావు. ఇట్టివారి యిండ్లను సందర్శకులకు చూపుటతో తృప్తిపడక, జీర్ణగ్రంథములను బాగుచేయు పనిశాలను గూడ నెలకొల్పవలెనని కోరుట సమంజసమే. తాటాకు ప్రతులకు నిమ్మగడ్డినూనె పూయుటకును, చినిగిన పుటలు అతికి బైండు చేయుటకును వెలుతురు, నీరు, గాలి కావలెను. కాని ఆ నీరు, జిగురు, విద్యుత్తు పాత గదులలో ప్రవేశించినచో తేమ, పురుగు, అగ్నిభయము వెంట వచ్చును. కావున వేరు కట్టడము అవసరమగును.

మొదట తెలిసికొనవలసినది, ఆ గృహము ఏ చట్టముచే రక్షితమను విషయము. జాతీయ ప్రాముఖ్యముగల కట్టడములకు 1958 నాటి కేంద్రచట్టము వర్తించును. 2010 సవరణ ననుసరించి రక్షిత ప్రదేశపు హద్దునుండి 100 మీటర్లలోపల నూతన నిర్మాణము నిషిద్ధము; ఆపైన 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. నిషేధము నుల్లంఘించినవారికి రెండు సంవత్సరముల వరకు కారాగారవాసముగాని, లక్ష రూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. మరమ్మతునకు మాత్రము అనుమతి పొందవచ్చును. కావున అట్టిచోట పాత వంటయిల్లో, పశువులశాలయో యున్నచో దానిని బాగుచేసి వాడుకొనుటయే మార్గము. రాష్ట్రరక్షణలోని గృహములకు ఆంధ్రప్రదేశమున 1960 చట్టము, ఛత్తీస్‌గఢ్‌లో 1964 నాటి మధ్యప్రదేశ చట్టము ఆధారములు.

అనుమతి లభించినచోట రూపకల్పన రెండవ పరీక్ష. 1964లో వెనిస్ నగరమున వెలువడిన శాసనపత్రము, చేర్పులు పాత కట్టడపు అందమును, పరిసరములతో దానికిగల పొందికను చెరుపరాదని చెప్పినది. దీనిని ఆచరణలో పెట్టుట కష్టము కాదు. క్రొత్త కప్పు పాత చూరుకంటె ఎత్తుగా నుండరాదు. దాని వాననీరు పాతగోడ మొదటికి పారరాదు. పునాది పాత పునాదికి దూరముగ నుండవలెను. త్రవ్వునపుడు పురాతన వస్తువులు బయల్పడినచో పని నిలిపి శాఖకు తెలుపవలెను. పాత సున్నపుగోడపై సిమెంటు పూయరాదు. లోపలి తేమను బయటకు పోనీయక అది గోడను చెరచును. క్రొత్తదానిని పాతదిగా భ్రమింపజేయుటయు తగదు. ఎప్పుడైన విప్పివేయదగినట్లు కట్టుట మేలు.

రచయితల స్మారకసంఘములలో నున్నవారు విరాళములు సేకరించుటకు ముందే ఇంటి కొలతల పటమును, హద్దుల వివరమును, చేయదలచిన పనుల పట్టికను తెప్పించి పరిశీలింపవలెను. ఆలస్యమైనచో ప్రతులు పురుగుపాలగును. తొందరపడినచో ఇల్లు పాడగును. ఈ రెండు నష్టములును తీర్చరానివే.