చేతికి తెలిసే చల్లని పాఠం

పరీక్షనాళిక అడుగున అరచెయ్యి ఆనించి చూడమంటుంది ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకం. 2 గ్రాముల బేరియం హైడ్రాక్సైడ్‌కు 1 గ్రాము అమ్మోనియం క్లోరైడ్ చేర్చి గాజు కడ్డీతో కలిపితే ఎలా ఉంటుందన్నది ప్రశ్న. చల్లగా ఉంటుంది. పొడిగా ఉన్న రెండు పదార్థాలూ తడిసి ముద్దవుతాయి. అమ్మోనియా ఘాటు ముక్కుకు తగులుతుంది. ఉష్ణగ్రాహక చర్యకు ఇంతకన్నా స్పష్టమైన రుజువు ఉండదు.

చిక్కంతా మొదటి పదార్థంతోనే. అమ్మోనియం క్లోరైడ్ అంటే కళాయి పూసేవాళ్లు వాడే నవాసాగరమే. బేరియం హైడ్రాక్సైడ్ అలాంటిది కాదు. కడుపులోకి వెళితే రక్తంలో పొటాషియం పడిపోయి కండరాలు చచ్చుబడతాయి, గుండె లయ తప్పుతుంది. ప్రయోగం తర్వాత మిగిలే బేరియం క్లోరైడూ విషమే. గాలి ఆడని గదిలో యాభై మంది పిల్లల మధ్య దాని సీసా తెరవడానికి ఉపాధ్యాయుడు జంకితే తప్పుపట్టలేం. కానీ అక్కడితో ఆగిపోతే పిల్లలకు మిగిలేది బట్టీ పట్టిన నిర్వచనం.

అదే చలిని వంటింటి సరుకులతోనూ రప్పించవచ్చు. స్టీలు గ్లాసులో సగం నీళ్లు పోసి, రెండు చెంచాల నిమ్మ ఉప్పు కరిగించాలి. నిమ్మ ఉప్పు కరిగేటప్పుడే నీళ్లు కొంత చల్లబడతాయి కాబట్టి మళ్లీ గది వేడికి వచ్చేదాకా ఆగడం ముఖ్యం. అప్పుడు వంట సోడా కొద్దికొద్దిగా వేస్తే బుసబుసమని నురగ లేస్తుంది, గ్లాసు చల్లబడుతుంది. ల్యాబ్ థర్మామీటర్ ఉంచితే పాదరసం దిగడం కనిపిస్తుంది. జ్వరం చూసేది పనికిరాదు, దాని కొలత 35 డిగ్రీల దగ్గరే మొదలవుతుంది. సీసాకు మూత మాత్రం బిగించకూడదు, లోపల చేరే కార్బన్ డయాక్సైడ్‌కు అది పగలొచ్చు.

పల్లెల్లో యూరియాను నీళ్లలో కలిపినా చేతికి చల్లదనం తెలుస్తుంది. అయితే అక్కడ కొత్త పదార్థం పుట్టదు, యూరియా కరుగుతుందంతే. అక్బర్ కాలంలో సురేకారంతో తాగునీళ్లు చల్లబరిచేవారని అబుల్ ఫజల్ రాశాడు. అదీ ఈ కోవదే. నిమ్మ ఉప్పు, సోడా కలిసినప్పుడు సోడియం సిట్రేట్, నీరు, కార్బన్ డయాక్సైడ్ కొత్తగా ఏర్పడతాయి. ఉపాధ్యాయుడు ఈ తేడా చెప్పకపోతే పిల్లలు రెండింటినీ ఒకే గాటన కట్టేస్తారు.

అసలు, పొయ్యి మీద పెట్టకుండానే వేడిని పీల్చుకునే చర్య ఎందుకు జరగాలి? 19వ శతాబ్దపు ఫ్రెంచి రసాయనవేత్త బెర్తెలోకు ఇది కొరుకుడుపడని ప్రశ్నే. వేడిని విడుదల చేసే చర్యలే వాటంతటవి సాగుతాయన్నది ఆయన సూత్రం. దానికి నిమ్మ ఉప్పు గ్లాసే ఎదురుసాక్ష్యం. ద్రవంలో బందీగా ఉన్నది వాయువై చెల్లాచెదురు కావడమే ఈ చర్యను ముందుకు నడుపుతుంది. దానికి కావలసిన వేడి నీళ్ల నుంచి, గ్లాసు నుంచి, పట్టుకున్న అరచేతి నుంచి వస్తుంది. గ్లాసు మళ్లీ గది వేడికి రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. వెనక బెంచీ దాకా తిప్పడానికి ఆ వ్యవధి చాలు.