నలుగురూ కాసే కాపలా!

పసిపిల్లలపై పదేపదే లైంగిక దాడులు చేసినవాడు శిక్ష పూర్తయి జైలు నుంచి వస్తున్నాడంటే ఏ ఊరైనా వణికిపోతుంది. 1994లో కెనడాలోని హామిల్టన్‌లోనూ అదే జరిగింది. అప్పుడు ఓ చర్చి పాస్టర్ నలుగురిని కూడగట్టి అతని చుట్టూ ఓ వలయంలా నిలిచారు. రోజూ పలకరించడం, ఎక్కడికెళ్లావని నిలదీయడం, తేడా కనిపిస్తే అధికారులకు చెప్పడం... ఇదే వాళ్ల పని. ఆ తర్వాత అతని మీద మళ్లీ అలాంటి కేసు రాలేదు.

క్రమంగా ఈ పద్ధతి బ్రిటన్, అమెరికాలకూ పాకింది. అమెరికాలోని మినసోటాలో విడుదలైన వందమందిని చీటీ తీసినట్టు రెండు జట్లు చేసి, ఒక జట్టుకే ఇలాంటి వలయాలు ఏర్పాటుచేశారు. వాళ్లు మళ్లీ లైంగిక నేరంలో అరెస్టయ్యే ముప్పు 88 శాతం తక్కువని 2018లో తేలింది!

ఇది క్షమాభిక్ష కాదు. ఇంకో బిడ్డ బలి కాకూడదని పడే తాపత్రయం.