ఆపరేషన్ అయ్యేదాకా రెండు గదులు

ఒక తల్లి పిల్లలే కదా, కలిపి ఉంచితే ఏమైతది అని ఎపిసోడ్ విన్న మనోళ్లు అడిగారు. అన్నాచెల్లెలు అనే లెక్క పిల్లులకు లేదు. నాలుగైదు నెలలకే ఆడది ఎదకు రావచ్చు. కడుపు నిలిస్తే 65 రోజులు అటూఇటూగా ఈనుతుంది, పాలిస్తూనే మళ్లీ కడుపు. వీసా అయిపోయి మనం ఇంటికి పోతే ఆ కూనలన్నీ గల్ఫ్ ఎండలో రోడ్డు మీదే.

షార్జాలో మా ఫ్లాట్‌లో గండుపిల్లి బెడ్‌రూమ్‌లో, ఆడది హాల్లో. రెండు చోట్లా ఏసీ, నీళ్లు, ఇసుక ట్రే వేరువేరు. తలుపుకి గడియ ముఖ్యం, హ్యాండిల్ మీదికి ఎగిరి తీసేస్తాయి. నైట్ డ్యూటీ నుంచి వచ్చేవాడికి కూడా ఈ సంగతి చెప్పి పెట్టాలి.

గండుపిల్లికి ఆపరేషన్ అయిన రోజే కలపకండి. లోపల మిగిలిన వీర్యంతో ఇంకా కొన్ని వారాలు కడుపు చేయగలదు. ఎప్పుడు కలపాలో డాక్టర్‌నే అడగండి.