కృష్ణ మొగలయందు నీటి మార్పులు, చేపల రాకడ

గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి భూములలో ప్రత్తియు మిరపయు పండించు రైతులకు, సముద్రతీరమున వల వేయువారితో నేమి పొత్తు అని సభ్యులు కొందరు తలంపవచ్చును. మన చేనిపై గురిసిన వాన వాగులో బడును. వాగు మురుగుకాలువలో గలియును. కాలువ సముద్రము జేరును. ఆ నీరు సముద్రమును గలియు తావుననే అనేక కుటుంబములు చేపలు, రొయ్యలు, పీతలు పట్టి జీవించుచున్నవి. కావున అచ్చటి నీరు ఏ కాలమున నెట్లు మారునో, ఆ మార్పును బట్టి చేప యెట్లు వచ్చునో, పోవునో తెలిసికొనుట మనకును అవసరము.

మొగ యన నేమి?

నది సముద్రమును గలియు తావును తీరవాసులు మొగ యందురు. కృష్ణానది పులిగడ్డ వద్ద చీలి, దివిసీమను నడుమ నుంచుకొని, పాయలుగా సముద్రము జేరును. హంసలదీవి అట్టి సంగమములలో నొకటి. పడమటి వైపున రేపల్లె, నిజాంపట్నము ప్రాంతమున్నది. ఇది 2022 నుండి బాపట్ల జిల్లాలో జేరినది. పాయల నడుమ ఉప్పుటేళ్లును, వాని గట్లపై మడ అడవులును గలవు.

ఈ మడచెట్ల వేళ్ల నడుమనున్న నీరు మన నారుమడి వంటిది. రొయ్య సముద్రమున గ్రుడ్లు పెట్టును. దాని పిల్లలు పోటునీటితో మొగలోనికి వచ్చి, అచ్చట కొంతకాలము పెరిగి, మరల సముద్రమునకు బోవును. మండపీత పెరుగుటయు ఇచ్చటనే. పండుగప్ప మంచినీటిని, ఉప్పునీటిని గూడ తాళగలదు. పులస నడక వేరు: అది సముద్రమున బెరిగి, వరదనీటి కెదురీది, నదిలో గ్రుడ్లు పెట్టును. నారుమడి చెడిన పంట యెట్లుండునో, మొగ చెడిన సముద్రపు వేటయు నట్లే యుండును.

పోటుపాట్లు

సముద్రము దినమునకు రెండుమారులు పొంగి, రెండుమారులు తీయును. ఈ వేళ ప్రతిదినము సుమారు 50 నిమిషములు వెనుకకు జరుగును. అమావాస్య, పూర్ణిమలకు పోటు మిక్కుటము. అష్టమి ప్రాంతమున స్వల్పము. పోటుతో చేప మేతకై ఉప్పుటేళ్లలోనికి ఎక్కును; పాటుతో దిగును. అందుచేతనే దిగు నీటికి అడ్డముగ వల కట్టి కాచుకొందురు. సముద్రము వైపునుండి బలమైన గాలి వీచిన, పోటు లెక్కకు మించి యెక్కును. నేల వైపునుండి వీచిన, నీరు త్వరగా తీయును. కావున చంద్రుని తిథిని, గాలి దిక్కును రెంటిని జూడక వేట వేళ నిర్ణయింపరాదు.

ఋతువుల వెంట నీరు

సముద్రపు నీటిలో లీటరునకు సుమారు 35 గ్రాముల ఉప్పుండును. మొగలో ఈ పాలు నిలుకడగా నుండదు. ఆగస్టు మొదలు అక్టోబరు వరకు నది వరద వచ్చినపుడు నీరు దాదాపు తియ్యనై, బురదతో నిండును. ఉప్పు గోరు చేపలు సముద్రమువైపు తొలగును. పెరిగిన రొయ్య వరదతో బయటికి గదలును. వరద మితిమీరిన వలలు, పడవలు నిలువవు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో ప్రకాశం బ్యారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు బోయినది. అట్టి వేళ ఏటిలో వేట సాగదు. అయినను వరద తెచ్చు ఒండ్రు మొగకు ఎరువు. అది తీసిన పిమ్మట నీటిలో మేత పెరిగి చేప బలియును.

అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్యపు వానలు, తుపానులు వచ్చును. ఈ దినములలో మంచినీరు పైనను, బరువైన ఉప్పునీరు అడుగునను పొరలుగా నుండవచ్చును. అడుగు పొరలో ప్రాణవాయువు తగ్గిన చేప పైకి వచ్చి తేలును. వేసవిలో నది ప్రవాహ ముడుగును, ఇసుక మేట మొగ నిరుకు చేయును, ఉప్పు హెచ్చును, నీరు కాగును. 20 డిగ్రీల మంచినీటిలో లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇముడగా, 30 డిగ్రీలకు ఏడున్నరయే ఇముడును. ఉప్పు హెచ్చిన కొలది అదియు తగ్గును. అందుచే ఎండకాలమున నిలువనీట చేపకు ఊపిరి యాడుట కష్టము.

తుపాను హెచ్చరిక

1977 నవంబరు 19న వచ్చిన తుపాను ఉప్పెనచే దివిసీమయందు వేలకొలది జనులు మరణించిరి. 2023 డిసెంబరు 5న మరియొక తుపాను బాపట్ల చెంతనే తీరము దాటినది. నిజాంపట్నము రేవున ఎగురవేయు హెచ్చరిక సంకేతములను, వాతావరణశాఖ ప్రకటనలను ఎవరును అలక్ష్యము చేయరాదు. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు తూర్పుతీరమున యంత్రపు పడవలకు సముద్రవేట నిషేధము గలదు. అది చేపలు సంతతి పెంపొందించుకొనుటకై యేర్పడినది.

మన పాలెంత?

1855లో బెజవాడ ఆనకట్ట, 1957లో ప్రకాశం బ్యారేజి పూర్తియైనవి. 1967 నుండి నాగార్జునసాగరు కాలువలు పారుచున్నవి. సాగరు కుడికాలువ వలననే మన తోటలు పెక్కు నిలిచియున్నవి. ఆ మేలును మరువరాదు. కాని నది నీటిని ఎంతగా మరలించితిమో, మొగకు జేరు నీరును ఒండ్రును అంతగా తగ్గినవి. 2002, 2003 సంవత్సరములలో వానలు తప్పినపుడు సముద్రము జేరిన నీరు మిక్కిలి స్వల్పము. తియ్యనీటి ఒత్తిడి లేనిచో ఉప్పునీరు ఏటివెంట పైకి ఎగబ్రాకి, బావులను గూడ చెరచును. అప్పుడు నష్టము బెస్తవానిదే కాక, తీరపు రైతుదియు నగును.

రెండవ సంగతి పురుగుమందులు. 2021 చివర మిరపపై నల్ల తామరపురుగు పడినపుడు రైతులు మందుపై మందు కొట్టిరి. మిరప చేలలో నున్న దినములలోనే ఈశాన్యపు వానలు పడుట గమనింపదగినది. కడిగిన మందు నల్లమడ, పేరలి, రొంపేరు వంటి మురుగుకాలువల వెంట తీరము జేరును. రొయ్యయు పురుగు జాతికి దగ్గర చుట్టమే. పురుగు నరములను చంపు మందు దానిని గూడ చంపును. సైపర్‌మెత్రిన్ వంటి మందు లీటరు నీటిలో గ్రామున పదిలక్షవ వంతు కన్న తక్కువ యున్నను రొయ్యపిల్లలకు ప్రమాదము.

చేయదగిన పనులు

మొదటిది: వాన సూచన యున్నదినమున మందు కొట్టరాదు. రెండవది: పంపులను, డబ్బాలను వాగులోను కాలువలోను కడుగరాదు, కడిగిన నీటిని చేనిలోనే చల్లవలెను. మూడవది: తామరపురుగునకు నీలిరంగు జిగురు అట్టలు కట్టి, పురుగు ఉనికి జూచి, అవసరమైనపుడే మందు వాడవలెను. నాలుగవది: మొక్క మొదట బొట్టుబొట్టుగా నీరిచ్చు పద్ధతి నవలంబించి, చేనిలో నీటికుంట త్రవ్వి, కాలువనీటిని పొదుపు చేయవలెను. ఐదవది: మన సంఘములు తీరపు మత్స్యకార సహకార సంఘములతో ఉత్తరప్రత్యుత్తరములు జరిపి, కాలువలో చేప చచ్చి తేలినచో ఏ యూరిలో ఏ మందు కొట్టిరో వెంటనే విచారించు ఏర్పాటు చేసికొనవలెను.

సముద్రము పాలైన నీరు వృథా యను మాట మనలో వాడుక. మొగలో రొయ్యపిల్లను పెంచునదియు, తీరపు బావులకు ఉప్పు సోకకుండ కాచునదియు ఆ నీరే. దానిని కొంతైనను పోనిచ్చుట, పోవు దానిని విషము కానీయకుండుట, ఎగువనున్న మన బాధ్యత. సహకారమను మాటకు ఒకే యూరి సభ్యులు మాత్రమే కాక, ఒకే నీటిని వాడుకొను వారందరును ఒకరి క్షేమ మొకరు చూచుటయే అర్థమని మా యభిప్రాయము.