పెరటి తాడు

మా చిన్ననాటి లెక్కల మాస్టారికి ఇప్పుడు 82 ఏండ్లు. కృష్ణాతీరమున ఒక పల్లెలో, పాత మండువా యింటిలో ఒక్కరే కాపురముంటున్నారు. మొన్న సంక్రాంతికి చూడబోయినప్పుడు ఆ యింట నా దృష్టిని ఆకర్షించినది ఒక తాడు. పడకగది గుమ్మము మొదలు పెరటిలోని స్నానాలగది వరకు, నడుమెత్తున, గోడకు మేకులు కొట్టి బిగించిన కొబ్బరినార తాడు. "ఇది నా రెండవ చేతికఱ్ఱరా, అబ్బాయీ!" అని నవ్వినారు.

రెండేండ్ల క్రిందట ఒకనాటి తెల్లవారుజామున, పెరటి గడప తన్నుకొని ఆయన పడిపోయినారు. తుంటి ఎముక విరిగినది. ముసలివారిని మంచమునకు కట్టివేయునది తరచు మహావ్యాధి కాదు. ఇట్టి జానెడు గడపయే. 65 ఏండ్లు నిండినవారిలో ఇంచుమించు మూడవ వంతు మంది ఏటా పడుచుందురని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 లో ప్రకటించినది. కంటి శుక్లము, కాళ్ళ సత్తువ తగ్గుట, కొన్ని రక్తపోటు మాత్రలు వాడువారికి చటుక్కున లేచినప్పుడు కలుగు తూలు, నాచు పట్టిన రాయి, దీపము లేని దారి—కారణములు ఇట్టివే. వీనిలో కొన్నిటికి మందు వైద్యుని వద్ద కంటె తాపీమేస్త్రి వద్దనే త్వరగా దొరకును.

ఎముక అతికిన పిమ్మట కుమారుడు ఆయనను హైదరాబాదు తీసికొనిపోయినాడు. అక్కడ ఏ లోటును లేదు. "అదేరా చిక్కు! కాఫీ కలుపుకొందునన్న స్టవ్వు దరికి రానీయరు. వీధిలోనికి పోదునన్న పడుదునని భయము. ఆరు మాసములలో నా కాళ్ళు నడక మరచినవి" అన్నారు. ఆ కొడుకును, కోడలిని నేను తప్పుపట్టను. పడిన తండ్రిని చూచినవారికి ఆ భయము సహజమే. కాని వాడని కండ వార్ధక్యమున మరింత వేగముగా కరగునన్నదియు సత్యమే గదా!

ఆయన పట్టుపట్టి తిరిగి రాగలిగినది ఉద్యోగపు పింఛను వలన. ఈ మాట దాచరాదు. 2011 జనాభా లెక్కలలో మన దేశమున 60 ఏండ్లు నిండినవారు 10 కోట్లకు పైగా తేలినారు; వారిలో స్త్రీలే కొంత యెక్కువ. ఎందరికి అట్టి పింఛను కలదు?

ఎదురింటి మామ్మగారికి లేదు. ఇల్లు కొడుకు పేర వ్రాసియిచ్చి, ఆ యింటి వసారాలోనే ఆమె వేరుగా వండుకొనుచున్నది. ఆధారము ప్రభుత్వపు వృద్ధాప్య పింఛను. ఆంధ్రప్రదేశ్‌లో అది 2024 లో నెలకు 4,000 రూపాయలైనది. తల్లిదండ్రుల పోషణకై 2007 లో ఒక చట్టము వచ్చినది. పోషించవలెనను షరతుతో ఇచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పినచో, ట్రిబ్యునలు రద్దు చేయవచ్చును. దస్తావేజులో ఆ షరతు వ్రాయించుకొనుట చాలమందికి తోచదు. కన్నబిడ్డల నుండి పోషణ కోరుటకైతే ఆస్తి ఇచ్చియుండ నక్కరయే లేదు. ఇదంతయు ఉత్సాహముగా ఆమెకు విన్నవించితిని.

"కన్నకొడుకు మీద కాగితం పెట్టమంటావా, నాయనా?" అన్నది. నాకు నోట మాట రాలేదు.

సాయంకాలము ఆమె తన మాత్రల పొట్లములు పట్టుకొని మాస్టారి అరుగు మీదికి వచ్చును. చదువు రాదు. ఆయన ఎఱ్ఱ సిరాతో ఉదయపు పొట్లము మీద సూర్యుని, రాత్రి పొట్లము మీద చంద్రవంకను గీసి యిత్తురు. పోవునప్పుడు ఆమె పెరటిలోనికి వెళ్ళి, తాడు లాగి చూచి, మేకులు కదలలేదని కేకవేసి చెప్పి పోవును.