చలికాలంలో మొసళ్ళ అడవి

ఎండాకాలం సెలవులు వచ్చాయంటే అందరికీ సముద్రం గుర్తొస్తుంది. కానీ సముద్రం ఒడ్డున ఒక అడవి ఉంది. ఎండలు ముదిరాక అక్కడికి పోతే లోపలికి రానివ్వరు. చలికాలంలో వెళ్తే మంచిది. ఆ అడవి పేరు భితర్‌కనికా.

ఎక్కడ ఉంది?

భితర్‌కనికా ఒడిశా రాష్ట్రంలో, కేంద్రపడా జిల్లాలో ఉంది. బ్రాహ్మణి, వైతరణి నదులు అక్కడే సముద్రంలో కలుస్తాయి. 1998లో 145 చదరపు కిలోమీటర్ల అడవిని జాతీయ పార్కుగా ప్రకటించారు. జాతీయ పార్కు అంటే పూలతోట కాదు. ప్రభుత్వం గట్టి కాపలా పెట్టిన అడవి. అక్కడ చెట్టు కొట్టకూడదు. వేటాడకూడదు. పశువుల్ని మేపకూడదు.

విశాఖపట్నం నుంచి హౌరా వెళ్ళే రైళ్ళు భద్రక్ మీదుగా పోతాయి. భద్రక్‌లో దిగి రోడ్డు మీద చాంద్‌బాలి చేరాలి. అక్కడ పడవలు దొరుకుతాయి. అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. అడవిలో నీటి పాయలే దారులు.

బురదలో చెట్లు

ఇది మడ అడవి. పోటు వచ్చినప్పుడు సముద్రపు నీళ్ళు చెట్ల మధ్యకు వస్తాయి. తర్వాత వెనక్కి పోతాయి. అప్పుడు బురదలోంచి మేకుల్లాగా పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు కనిపిస్తాయి. బురదలో గాలి ఆడదు. అందుకే ఈ చెట్లు వేళ్ళను పైకి పంపి గాలి పీల్చుకుంటాయి.

మొసలికి ఎండ ఎందుకు?

మన ఒంట్లో వేడి చలికాలమైనా, ఎండాకాలమైనా ఒకేలా ఉంటుంది. మొసలికి అలా కాదు. చుట్టూ చల్లగా ఉంటే దాని ఒళ్ళూ చల్లబడుతుంది. తిన్నది సరిగా అరగదు. అందుకే పొద్దెక్కాక నీళ్ళలోంచి బయటికొస్తుంది. బురద గట్టు మీద ఎండలో పడుకుంటుంది. పడవలో వెళ్ళేవాళ్ళు అప్పుడు దాన్ని బాగా చూడొచ్చు.

మొసళ్ళను లెక్కపెట్టేదీ జనవరిలోనే. ఆ కొద్ది రోజులు బయటివాళ్ళను రానివ్వరు. ఒకప్పుడు తోలు కోసం మొసళ్ళను చంపేవాళ్ళు. అవి వందకు అటూ ఇటూ మిగిలాయి. 1975లో వాటిని కాపాడే పని మొదలైంది. గుడ్లు తెచ్చి పొదిగించారు. పిల్లల్ని పెంచి నీళ్ళలో వదిలారు. 2025 లెక్కలో మొసళ్ళు 1,800 దాటాయి.

ఎండాకాలంలో ఎందుకు మూస్తారు?

అది మొసళ్ళు గుడ్లు పెట్టే కాలం. ఆడ మొసలి ఆకులూ బురదా కుప్పగా చేస్తుంది. అందులో గుడ్లు పెట్టి కాపలా కాస్తుంది. ఎవరు దగ్గరికి పోయినా మీద పడుతుంది. అందుకే మే నుంచి జులై దాకా పార్కు మూసేస్తారు. పురిటింట్లో మనం సందడి చేస్తామా? ఇదీ అంతే.

ఊళ్ళ వాళ్ళ కష్టం

చూడ్డానికి వచ్చినవాళ్ళు సాయంత్రానికి వెళ్ళిపోతారు. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు మాత్రం ఆ నీటితోనే బతకాలి. స్నానానికి, చేపలకు దిగినవాళ్ళను మొసళ్ళు లాక్కుపోయాయి. 2023లో కూడా కొందరు చనిపోయారు. స్నానాల రేవుల్లో కంచెలు కట్టారు. అది ఒక్కటే చాలదు. ఊళ్ళో బోరు, ఇంట్లో మరుగుదొడ్డి ఉంటే ఏటికి పోయే పని తగ్గుతుంది. అప్పుడు మనిషీ బతుకుతాడు, మొసలీ బతుకుతుంది.

మరి ఈ అడవి ఎందుకు? ఆ ఊళ్ళకు ఏం లాభం?

1999 అక్టోబరు 29న ఒడిశాలో పెను తుఫాను వచ్చింది. వేల మంది చనిపోయారు. తర్వాత పరిశోధకులు కేంద్రపడా జిల్లాలో ఊరూరి లెక్కలు చూశారు. సముద్రానికీ ఊరికీ మధ్య వెడల్పైన మడ అడవి ఉన్నచోట చావులు తక్కువ. చెట్లు ఉప్పెన జోరును తగ్గించాయి. 2024 అక్టోబరులో దానా తుఫాను భితర్‌కనికా, ధామ్రా మధ్యనే తీరం దాటింది. ఆ తీరానికి అడవి అడ్డుగోడ లాంటిది. మొసళ్ళ భయంతో అడవిలోకి గొడ్డలి పట్టుకుని పోవడానికి జనం జంకుతారు. మొసలి అడవిని కాస్తే, అడవి ఊరిని కాస్తుంది.

మన కాకినాడ దగ్గర కోరింగలోనూ మడ అడవి ఉంది. అదీ ఇలాంటి గోడే.

వెళ్ళేవాళ్ళు గుర్తుంచుకోవాలి

పార్కు తెరిచి ఉందో లేదో ముందే కనుక్కోవాలి.
పడవలోంచి చెయ్యి నీళ్ళలో పెట్టకూడదు.
చెప్పనిచోట గట్టు దిగకూడదు.
కేకలు వేయకూడదు.
తెచ్చిన ప్లాస్టిక్ సంచులు వెనక్కి తీసుకుపోవాలి.

ఆలోచించండి

1. ఎండాకాలంలో పార్కు ఎందుకు మూస్తారు?
2. మడ అడవి కొట్టేస్తే ఎవరికి నష్టం?
3. మీ ఊరికి అడ్డుగోడలా ఉన్న చెట్లు ఏవి? వాటిని ఎవరు కాపాడుతున్నారు?