తుంటి చెప్పిన వంశం

పక్షుల పుట్టుక తెలియాలంటే హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలోని కోటసారస్‌ను చూడండి. ప్రాణహిత–గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలివి. 1988లో యాదగిరిగారు పేరు పెట్టారు. కనీసం 12 జంతువులవి. పుర్రె మాత్రం లేదు, రెండు పళ్లు తప్ప! మరి కులగోత్రాలు ఎట్లా తేల్చారంటారా? తొడ ఎముక నిటారుగా ఉంది, అది సారోపాడ్ లక్షణం. తుంటి పైఎముక మాత్రం పొట్టిగా, పూర్వీకుల పోలికే.

1887లో సీలీ డైనోసార్లను తుంటిని బట్టి విడదీశాడు. జఘనాస్థి ముందుకుంటే బల్లితుంటివి, వెనక్కుంటే పక్షితుంటివి. కోటసారస్ మొదటి రకం. తమాషా ఏమిటంటే, పక్షులు పుట్టింది పక్షితుంటి వాటిలోంచి కాదు, బల్లితుంటి వంశంలోంచే! వాటి జఘనాస్థి తర్వాత, విడిగా వెనక్కి తిరిగింది. అంటే కొడకండ్ల పెరట్లో గింజలేరే కోడి, సుమారు 9 మీటర్ల ఈ శాకాహారికి దూరపు చుట్టమన్నమాట.